పెంపకం వేరు, దత్తత వేరు

"వాళ్లు ఆ పిల్లను పెంచుకున్నారట" అంటాం. "దత్తు తీసుకున్నారట" అని కూడా అంటాం. మన మాటల్లో రెండింటికీ పెద్ద తేడా లేదు. ఎవరింటి సంగతో చెప్పుకునేటప్పుడు ఆ తేడా మనకు అక్కర్లేదు కూడా. కానీ ఆ పిల్లకు కావాలి. స్కూల్లో చేర్చేనాడు తండ్రి పేరు దగ్గర ఏం రాయాలి, ఇంటిపేరు ఎవరిది, ఆ ఇంటి పెద్దాయన కాలం చేశాక ఆ గడప లోపల ఉండే హక్కు ఉందా లేదా, ఇవన్నీ ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటాయి.

ఇవాళ మీతో ముచ్చటించదలచుకున్నది ఈ దత్తత గురించే. అయితే చట్టం చెప్పడం ఒక్కటే నా ఉద్దేశం కాదు. దేవుడికీ మనిషికీ మధ్య ఉన్న బంధం ఎలాంటిదని అడిగితే క్రైస్తవ మతం చెప్పే ముఖ్యమైన జవాబుల్లో దత్తత ఒకటి. తెలుగు బైబిల్లో ఇందుకోసం "దత్తపుత్రాత్మ" అని ఒక పెద్ద సమాసమే ఉంది. ఆదివారం చర్చిలో ఆ మాట విని, అర్థమైనట్టే తల ఊపి ఇంటికి వచ్చేసేవాళ్లం మనలో చాలామందిమి. ఇతర మతాల సోదరీమణులు "ఇది మాకెందుకులే" అనుకోకండి. దత్తత మీ ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. నేను చెప్పబోయే సంగతి మాకన్నా మీకే తొందరగా తెలుస్తుందేమో!

ఒక చిత్రమైన విషయం చెప్తాను. బైబిల్లో దత్తత అనే మాట చదువుకుంటూ వచ్చిన మన దేశపు క్రైస్తవులకు, దేశపు చట్టం ప్రకారం దత్తత చేసుకునే వీలు చాలా కాలం లేనేలేదు. 1956లో వచ్చిన దత్తత, మనోవర్తి చట్టం హిందువులకు, వారితో పాటు బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తించింది. క్రైస్తవులు, ముస్లిములు, పారశీకులు పిల్లను ఇంటికి తెచ్చుకుంటే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకు వెళ్లి "సంరక్షకులు"గా ఉత్తర్వు తెచ్చుకోవడమే దారి. అంటే ఏమిటన్నమాట? ఒళ్లో పెట్టుకుని పాలు పట్టిన తల్లి కాగితం మీద తల్లి కాదు, గార్డియన్. పిల్ల కూతురు కాదు, వార్డు. పైగా ఆ సంరక్షణకు గడువుంది. కోర్టు గార్డియన్‌ను నియమించిన పిల్లలకు 1999 దాకా 21 ఏళ్లకు మైనారిటీ తీరేది, ఆ తర్వాత 18కే. ఆ రోజుతో గార్డియన్ పని అయిపోయింది. వీలునామా రాయకుండా పెద్దవాళ్లు కన్నుమూస్తే పెంచిన పిల్లకు ఆస్తిలో వాటా లేదు. అంతవరకు కనిపించని దాయాదులు ఆ రోజున బయల్దేరి వచ్చేవారు.

అందరికీ వర్తించే దత్తత బిల్లు 1972లో ఒకసారి, 1980లో మరోసారి పార్లమెంటుకు వచ్చింది గాని చట్టం కాలేదు. 1999లో కేరళ హైకోర్టు ఒక క్రైస్తవ దంపతుల దత్తపుత్రుడికి ఆస్తిలో హక్కుందని తీర్పు చెప్పింది. 2000లో వచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టం, 2006లో దానికి జరిగిన సవరణ, ఏ మతం వారైనా పిల్లలను నిజంగా దత్తత చేసుకునే దారి తెరిచాయి. 2014లో సుప్రీంకోర్టు ఆ సంగతిని స్పష్టం చేసింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2015 నాటి చట్టం. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, "సంరక్షకులు" అనే ఈ మాట దగ్గరే పౌలు మొదలుపెడతాడు గనక.

పౌలు అంటే బైబిల్లోని పత్రికలు, అంటే ఉత్తరాలు, రాసిన పెద్దమనిషి. ఆయన యూదుడు, తార్సు పట్టణంవాడు, రోమన్ పౌరుడు కూడా. కొత్త నిబంధనలో దత్తత అనే గ్రీకు మాట అయిదుసార్లే వస్తుంది, ఆ అయిదూ ఆయన పేరు మీదున్న ఉత్తరాల్లోనే. యూదుల ధర్మశాస్త్రంలో దత్తతకు ప్రత్యేకమైన విధి లేదు. ఫరో కుమార్తె మోషేను కొడుకు చేసుకున్నా, మొర్దెకై ఎస్తేరును కూతురిలా పెంచినా ఆ కథలు నడిచింది పరాయి దేశాల్లో. అందుకని పౌలు ఈ పోలికను తెచ్చుకున్నది తన చుట్టూ ఉన్న రోమన్ లోకం నుంచే అని చాలామంది పండితుల అభిప్రాయం.

గలతీయులకు రాసిన ఉత్తరం నాలుగో అధ్యాయంలో ఆయన చెప్పే పోలిక ఇది. ఒక పెద్దింటి వారసుడున్నాడు. చిన్నపిల్లాడు. ఆస్తి అంతా వాడిదే, కానీ తండ్రి పెట్టిన గడువు వచ్చేదాకా సంరక్షకుల చేతికింద, ఇంటి వ్యవహారాలు చూసేవాళ్ల చేతికింద ఉండాలి. అప్పటిదాకా వాడికీ ఇంట్లో దాసుడికీ పెద్ద తేడా కనపడదు. ధర్మశాస్త్రం కింద మనుషుల బతుకు అలాగే ఉండేదని, ఆ గడువు తీరి, కొడుకులుగా లోపలికి రావడమే క్రీస్తు వల్ల జరిగిందని పౌలు మాట. అక్కడ సంరక్షకుడు చెడ్డవాడని అనలేదు, చూశారా! అన్నం పెడతాడు, చదివిస్తాడు, తప్పు చేస్తే దండిస్తాడు. కాకపోతే ఆయన తండ్రి కాడు, అంతే.

రోమన్ల దత్తత ఎలా జరిగేదో కాస్త చెప్పుకుందాం, సరదాగా ఉంటుంది. వాళ్ల ఇంట్లో తండ్రి అధికారం మామూలుది కాదు. కొడుక్కి ఎంత వయసు వచ్చినా తండ్రి బతికున్నన్నాళ్లూ ఆయన చెప్పుచేతల్లోనే. ఆ అధికారాన్ని తెంచితే గాని ఇంకొకరు తీసుకోవడానికి లేదు. పన్నెండు పట్టికల చట్టమని వాళ్లకో పాత శాసనం ఉండేది. తండ్రి కొడుకును మూడుసార్లు అమ్మితే ఆ కొడుకు తండ్రి అధికారం నుంచి బయటపడతాడని అందులో ఉంది. దాన్ని పట్టుకుని, రాగి ముక్క, తక్కెడ పెట్టి, అయిదుగురు సాక్షుల ఎదుట మూడుసార్లు ఉత్తుత్తి అమ్మకం జరిపించేవారు. ఆ తర్వాత అధికారి ముందు కొత్త తండ్రి "ఇతడు నా కొడుకు" అని దావా చెప్పేవాడు, పాత తండ్రి కాదనేవాడు కాదు. దాంతో అయిపోయేది. కూతురి విషయంలో మూడుసార్లు అక్కర్లేదు, ఒక్కసారి చాలని వాళ్ల న్యాయవేత్తల అర్థం! ఆడపిల్లను పంపించేయడం ఏ దేశంలోనైనా సులువే కాబోలు.

అలా వచ్చినవాడికి కొత్త ఇంటిపేరు, కొత్త కులదేవతలు, కొత్త వారసత్వం. క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు హత్య తర్వాత వీలునామా విప్పి చూస్తే, పద్దెనిమిదేళ్ల మేనకోడలి కొడుకును తన కొడుకుగా తీసుకున్నట్టు రాసి ఉంది. ఆ కుర్రాడు ఆనాటినుంచి సీజరు పేరే పెట్టుకున్నాడు. తర్వాతి కాలంలో అగస్టస్ చక్రవర్తి ఆయనే.

ఇక్కడో మాట. దత్తత పోగానే ఆ మనిషి పాత అప్పులన్నీ రద్దయిపోయేవని, మన పాపాలూ అలాగేనని ప్రసంగాల్లో చెప్తుంటారు. వినడానికి బాగుంటుంది గాని, ఒక రకం దత్తతలో పాత చట్టం అలా రద్దు చేసినా, అప్పులిచ్చినవాళ్లు మునిగిపోకుండా న్యాయాధికారి వేరే దారి చూపించేవాడు. పోలిక బలంగా నిలబడేది ఇంకోచోట.

అదేమిటంటే, అసలు దత్తత ఎవరికోసం? రోములో గాని మన దేశంలో గాని, పూర్వం దత్తత పిల్లవాడి కోసం జరిగింది కాదు. తండ్రి కోసం జరిగింది. వంశం నిలబడాలి, ఆస్తి పరాయివాళ్ల పాలు కాకూడదు, పోయాక పిండం పెట్టేవాడుండాలి. మన చరిత్రలోనే చూడండి. ఝాన్సీ రాజు గంగాధరరావు 1853లో చనిపోయే ముందు ఒక పిల్లవాణ్ణి దత్తు తీసుకుని దామోదరరావని పేరు పెట్టారు. డల్‌హౌసీ ఆ దత్తతను రాజ్యానికి వారసత్వంగా ఒప్పుకోకపోవడం వల్లే ఝాన్సీ కుంపిణీ వాళ్ల చేతికి పోయింది. దత్తత అంటే గద్దె మీద ఎవరు కూర్చోవాలనే ప్రశ్న, పిల్లవాడి కన్నీళ్లు తుడవడం కాదు.

కాబట్టే 1956 చట్టంలో ఒక షరతు ఉంది. కొడుకు గాని, మనవడు గాని, మునిమనవడు గాని ఉన్నవారు మళ్లీ మగపిల్లవాణ్ణి దత్తత చేసుకోవడానికి వీల్లేదు. కూతురో, కొడుకు కూతురో ఉంటే ఆడపిల్లను దత్తత చేసుకోవడానికి వీల్లేదు. ఉన్నప్పుడు ఎందుకు? న్యాయమే కదా అనిపిస్తుంది.

ఈ షరతు పక్కన పెట్టి పౌలు మాట చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఆయన చెప్పే తండ్రికి కొడుకు లేక కాదు. కుమారుడు ఉన్నాడు, ఆ కుమారుడి మీద తండ్రికి ప్రేమా ఉంది. వంశం ఆగిపోతుందన్న బెంగ లేదు, ఆస్తికి వారసుడు లేడన్న లోటు లేదు. అయినా దత్తత చేసుకున్నాడట. అంటే ఈ దత్తతకు కారణం తండ్రి అవసరం కానే కాదు, పిల్లల అవసరం. రోమన్లు చాలావరకు గుణగణాలు చూసి, ఎదిగినవాణ్ణి ఏరి తెచ్చుకునేవారు. టైబీరియస్‌ను అగస్టస్ క్రీ.శ. 4లో దత్తత చేసుకునేనాటికి అతనికి నలభై దాటాయి, యుద్ధాలు గెలిచిన సేనాని. పౌలు చెప్పే పిల్లల్లో అలా చూపించుకోవడానికి ఏ గుణమూ లేదు. వాళ్లు ఎదురు తిరిగి ఉన్నప్పుడే ఆ ఏర్పాటు జరిగిందంటాడాయన.

మరి సొంత కొడుకుండగా ఇంకొకణ్ణి తెస్తే ఇంట్లో ఏమవుతుంది? అది రోము వాళ్లు కళ్లారా చూశారు. క్లాడియస్ చక్రవర్తికి బ్రిటానికస్ అని సొంత కొడుకు ఉన్నాడు. అయినా క్రీ.శ. 50లో, కొత్త భార్య పోరు మీద, ఆమె మొదటి మొగుడి కొడుకైన నీరోను దత్తత చేసుకున్నాడు. 54లో క్లాడియస్ పోయాడు, నీరో గద్దె ఎక్కాడు. 55లో బ్రిటానికస్ భోజనాల బల్ల దగ్గరే కూలిపోయాడు. విషం పెట్టించింది నీరోయేనని రోమన్ చరిత్రకారులు రాశారు. దత్తుడు వచ్చి ఔరసుణ్ణి మింగేశాడన్నమాట.

పౌలు రోము సంఘానికి ఉత్తరం రాసింది సుమారు క్రీ.శ. 57లో. అంటే గద్దె మీద నీరోయే ఉన్నాడు. ఆ ఊళ్లో దత్తత అనగానే జనానికి ఏది గుర్తుకొచ్చేదో ఊహించుకోండి! అలాంటి చోటికి రాస్తూ ఆయన, దేవుడి ఇంట్లో దత్తత వచ్చినవాళ్లు క్రీస్తుతో సహవారసులు అన్నాడు. ఒకణ్ణి తోసేసి ఇంకొకడు కూర్చోవడం లేదు. ఔరసుడే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తున్నాడు, వాటా పంచుకుంటున్నాడు. సవతి బిడ్డల కథలు వింటూ పెరిగిన మనకు ఇది మామూలు మాటగా వినిపించకూడదు.

"అన్నీ కొడుకులనే అంటున్నారు, మరి మా సంగతి?" అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. మన పాత ధర్మశాస్త్రాల ప్రకారం ఆడపిల్లను దత్తు తీసుకోవడం సాధారణంగా చెల్లేది కాదు. 1956 చట్టంతోనే అది చెల్లింది. పౌలు నాటికి వారసుడంటే ముందుగా గుర్తొచ్చేది కొడుకే. అందుకే గలతీయుల ఉత్తరంలో ఇది గమనించదగ్గది. స్త్రీ పురుష భేదం లేదని మూడో అధ్యాయంలో చెప్పేసి, ఆ వెంటనే వారసత్వం గురించి మాట్లాడతాడు. "కొడుకులు" అన్నది అక్కడ మగవాళ్లను లెక్కపెట్టడానికి కాదు, ఆ హక్కు ఆడవాళ్లకూ అంతే ఉందని చెప్పడానికి. వేరే ఉత్తరంలో కుమారులు, కుమార్తెలు అని విడమరిచే రాశాడు.

ఇంటిపేరు మారడం, కొత్త గడప తొక్కడం మగవాళ్లకన్నా మనకే తెలుసు గదండీ. కొత్త కోడలికి ఆ ఇల్లు తనదని ఎప్పుడనిపిస్తుంది? పీటల మీద కూర్చున్న రోజునా? కాదు. వంటింట్లో డబ్బాలు అడగకుండా తీసిన రోజున, పాలు పొంగించేసినా గుండె గుభిల్లుమనని రోజున. అంతవరకు ప్రతి పనీ "ఏమంటారో" అనే చేస్తాం. భక్తి విషయంలోనూ మనలో చాలామందిమి ఇలా "ఏమంటారో" అని బతికేవాళ్లమే. ఉపవాసం తప్పితే, ప్రార్థన మానేస్తే, పిల్లల మీద విసుక్కుంటే, దేవుడు గడప బయట నిలబెడతాడని భయం. ఇది కోడలి భయం, గార్డియన్ దగ్గరి పిల్ల భయం. పౌలు దీన్ని దాస్యపు భయం అన్నాడు.

1956 చట్టంలో ఇంకో మాటుంది. సక్రమంగా జరిగిన దత్తతను తల్లిదండ్రులు రద్దు చేయలేరు, పిల్లవాడూ వదిలేసి పుట్టింటికి పోలేడు. రోములో ఇంత భద్రత లేదు. అగస్టస్ టైబీరియస్‌తో పాటే తన మనవడు అగ్రిప్పానూ దత్తత చేసుకుని, కొన్నేళ్లకే వద్దనుకుని దీవికి తరిమేశాడు. పౌలుకు ఈ సంగతులు తెలియకుండా ఉండవు. అందుకే కాబోలు, దత్తత గురించి చెప్పిన అధ్యాయాన్నే చావు గాని బతుకు గాని ఏదీ ఆ ప్రేమ నుంచి విడదీయలేదనే మాటతో ముగించాడు.

యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ మీకు తెలిసే ఉంటుంది. ఆస్తి తగలేసి, పందులు కాచి, తిరిగి వస్తూ వాడు దారిలో ఒక ప్రసంగం కంఠస్థం చేసుకుంటాడు. నేను కొడుకుననిపించుకోవడానికి తగను, కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకోమని. లూకా సువార్త పదిహేనో అధ్యాయం తీసి చూడండి. తండ్రి ముందు ఆ ప్రసంగం మొదలుపెడతాడు గాని, కూలివాడి మాట నోటికి రాకముందే తండ్రి అడ్డుపడి, బట్టలు తెండి, ఉంగరం తెండి అని కేకలేస్తాడు. ఆ ఒక్క వాక్యం చెప్పనివ్వలేదు. వాడు అడగబోయింది పెంపకం, అంటే తిండీ ఉండడానికి చోటూ. ఆ ఇంట్లో అది దొరకదు. కొడుకుగానే ఉండాలి.

ఇహ "అబ్బా" అనే మాట. దత్తత వచ్చినవాళ్లు దేవుణ్ణి ఇలా పిలుస్తారంటాడు పౌలు. ఇది అరమేయిక్ భాషలో తండ్రి అని. పసిపిల్లల ముద్దుమాటని కొందరు చెప్తారు గాని అంతమాత్రమే కాదు, పెద్దయిన కొడుకులూ తండ్రిని అలాగే పిలిచేవారు. మన తెలుగులోనూ అబ్బ అంటే తండ్రే. కొన్ని ప్రాంతాల్లో ఇప్పటికీ ఆ పిలుపుంది, మన ముస్లిం సోదరుల ఇళ్లలో సరేసరి. అయితే మనకు ఆ మాట ఎక్కువగా ఎప్పుడొస్తుంది? మోకాలికి దెబ్బ తగిలినప్పుడు! సువార్తల్లో యేసు నోట ఈ మాట వినపడేది ఒక్కసారే, మార్కు సువార్తలో, చావుకు ముందు రాత్రి గెత్సెమనే తోటలో. అదీ నొప్పి వేళే. భాషలు వేరు, సంబంధం ఏమీ లేదనుకోండి. అయినా తెలుగువాళ్లకు ఆ మాట అర్థం చెప్పనక్కర్లేదనిపిస్తుంది నాకు.

చివరగా ఒక చిక్కు. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో, మీరు దత్తపుత్రాత్మను పొందారని పదిహేనో వచనంలో చెప్పిన పౌలే, ఇరవైమూడో వచనానికి వచ్చేసరికి మనం దత్తపుత్రత్వం కోసం మూలుగుతూ ఎదురుచూస్తున్నాం అంటాడు. ఏమిటిది, అయిందా కాలేదా? పెంచినవాళ్లను అడిగితే దీనికి జవాబు దొరుకుతుంది. శిశుగృహ నుంచి ఇంటికొచ్చిన పిల్లల్లో కొందరు, అందులోనూ కాస్త ఎదిగి వచ్చినవాళ్లు, తిండి దాచుకుంటారు. దిండు కింద బిస్కెట్లు, స్కూలు సంచిలో చపాతీ ముక్కలు, ఎండిపోయి దొరుకుతాయి. కలెక్టరు ఉత్తర్వు బీరువాలో ఉంది, పేరు మారింది, హక్కు వచ్చింది, దానికి ఢోకా లేదు. అయినా రేపు అన్నం ఉంటుందో లేదో అనే భయం ఆ పిల్ల ఒంట్లోంచి ఇంకా పోలేదు. తెలిసిన తల్లులు దాన్ని దొంగతనమని కొట్టరు. పిల్లకు అందే ఎత్తులో ఒక డబ్బా పెట్టి, నిండుగా ఉంచి, ఇది నీదే, ఎప్పుడైనా తీసుకో అంటారు. కొన్ని నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. ఆ డబ్బా మూత తీయకుండానే పిల్ల నిద్రపోయే రోజు కోసం తల్లి, ఆ తల్లితో పాటు పిల్లా, ఎదురుచూస్తూనే ఉంటారు.